తేలిక రేజర్ రెండో లాట్ అమ్మట్లేదు, ఎందుకో చెప్తా

అందరికీ నమస్తే అండి. తేలిక రేజర్, అంటే మేం చేయించే తక్కువ బరువు అల్యూమినియం రేజర్, రెండో లాట్ కోసం అడ్వాన్స్ కట్టి ఎదురుచూస్తున్నవాళ్లకి ముందు అసలు మాట చెప్పేస్తా. సరుకు వచ్చింది, కానీ మీకు పంపట్లేదు. డబ్బాలన్నీ మళ్ళీ ప్యాక్ చేసి సప్లయర్‌కే తిప్పి పంపేశాం. డబ్బులు వెనక్కి కావాలన్నవాళ్లు ఆర్డర్ పెట్టిన నంబర్‌కే ఒక్క మెసేజ్ పెట్టండి చాలు, కారణం కూడా రాయక్కర్లేదు, పైసాతో సహా వచ్చేస్తుంది. ఆగుతాం అన్నవాళ్లు ఏమీ చెయ్యక్కర్లేదు, మీ వరస మీకే ఉంటుంది. కొత్త తారీఖు మాత్రం ఇప్పుడు ఇవ్వను, ఎందుకంటే అది నా చేతిలో లేదు, నోటికొచ్చిన తారీఖు చెప్పి మిమ్మల్ని మళ్ళీ ఆపడం నాకిష్టం లేదు.

ఇక జరిగింది. మొదటి లాట్ వాడి, మీ ఇంట్లోవాళ్లకి, ఆఫీసులోవాళ్లకి చెప్పి మరీ ఆర్డర్లు పెట్టించింది మీరే, కాబట్టి "స్టాక్ లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం నాకు మనసొప్పలేదు.

మీకు తెలిసిందే, ఇందులో పడేది ఒకవైపే పదునుండే జెమ్ రకం బ్లేడు. రెండువైపులా పదునుండే మామూలు బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు, ఇది దాదాపు 0.23, అందుకే వంగదు, గట్టి గడ్డం మీద పోతున్నప్పుడు అదరదు. అయితే బ్లేడు ఎంత గట్టిదైనా అది కూర్చునే చోటు వంకరగా ఉంటే లాభం లేదు. బ్లేడు వెనక ఆనుకోడానికి రెండు చిన్న ఆపులుంటాయి, ముందు చర్మాన్ని కాస్త సాగదీసే గార్డ్ కడ్డీ ఉంటుంది. ఆపులకీ కడ్డీకీ మధ్య దూరం కుడి చివరా ఎడమ చివరా ఒకేలా ఉండాలి, రేజర్ తలలో ప్రాణం అంతా అక్కడే. మొదటి లాట్‌లో ముక్కని మిషన్‌లో ఒకేసారి బిగించి, మళ్ళీ విప్పకుండానే ఆపులూ కడ్డీ రెండూ కోశారు, టైమ్ ఎక్కువ పడుతుంది కానీ వంకర రాదు. ఈసారి ఆపులు ఒక బిగింపులో కోసి, ముక్కని విప్పి, తిప్పి, ఇంకో బిగింపులో కడ్డీ కోశారు. విప్పి మళ్ళీ బిగించిన ప్రతిసారీ ముక్క కొంచెం జరుగుతుంది, కంటికి కనపడదు, చెంపకి తెలుస్తుంది.

డబ్బా తెరిచి, బ్లేడు కూర్చునే కింద ప్లేటు వెనక్కి తిప్పగానే నాకు అనుమానం వచ్చింది, కోత గీతలు మొదటి లాట్‌లో ఒకవైపు పోతే ఇందులో రెండు రకాలుగా ఉన్నాయి. బ్లేడు పెట్టి కొలిస్తే చాలావాటిలో ఒక చివర పదును ఇంకో చివర కన్నా 0.1 మిల్లీమీటరు దాకా ఎక్కువ బయటికి పొడుచుకొచ్చింది. 0.1 అంటే ఇంచుమించు ఒక గడ్డం వెంట్రుక మందం, ఇంత చిన్నదానికి గొడవా అనిపించొచ్చు, కానీ మా డిజైన్‌లో బ్లేడు పదును బయటికి రావాల్సింది మొత్తం కలిపి 0.05 మాత్రమే, మేం ఒప్పుకున్న తేడా 0.03. దాంతో నేనే గీసుకున్నా, ఎడమ చెంప బాగానే వచ్చింది, కుడివైపు దవడ ఎముక దగ్గరికి రాగానే గీరుకుపోయింది, మెడ మీద సాయంత్రం దాకా మంట.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే మొదట "డ్రాయింగ్ ప్రకారమే ఉంది" అన్నాడు. ఫొటోలూ కొలతలూ పంపాక నెమ్మదిగా బయటపడింది, వాళ్ల దగ్గర పని ఎక్కువై మా ఆర్డర్‌ని ఇంకో వర్క్‌షాపుకి ఇచ్చేశారట, మాకు ఒక్క మాట కూడా చెప్పకుండా. సరే, పని ఎక్కువవడం ఎవరికైనా ఉంటుంది, చెప్తే ఆగేవాళ్లం. నన్ను నిజంగా కాల్చింది ఆ తర్వాత అన్న మాట: "గడ్డమే కదండీ, మీ కస్టమర్లకి ఇంత తేడా ఎక్కడ తెలుస్తుంది." నా కస్టమర్లకి తెలుస్తుంది. పిడి మీద గాట్లు కాస్త లోతు తగ్గినట్టున్నాయి, తడి చేత్తో జారుతోంది అని కనిపెట్టి రాసింది మీరే, బ్లేడు మార్చిన రోజుకీ మూడో షేవ్‌కీ తేడా ఏంటో పేరా పేరాలు రాసింది మీరే. మిమ్మల్ని అలా అంటే నాకు మాట పడ్డట్టే ఉంది, ఇప్పటికీ ఉంది.

దీనికి ఆయనిచ్చిన పరిష్కారం ఇంకోటి, నాకు నిద్ర పట్టనివ్వంది అదే. "కింద ప్లేటు, పిడి ఇత్తడిలో చేసేద్దాం, ఇత్తడి మిషన్ మీద వెన్నలా తెగుతుంది, వంకర రాదు, పైగా బరువుగా ఉంటే జనం ఖరీదైన వస్తువు అనుకుంటారు, త్వరగా ఇచ్చేస్తా" అన్నాడు. అందులో నిజం లేదని అనను. ఇత్తడి కోయడం తేలికే. బరువు రేజర్ ఇష్టపడేవాళ్లూ బోలెడుమంది, రేజర్ బరువే పని చేసేస్తుంది, మనం పట్టుకుంటే చాలు అంటారు, వాళ్లు చెప్పేది తప్పు కాదు. అడ్వాన్సులు తీసుకుని కూర్చున్న నాకు త్వరగా ఇస్తా అన్న మాట ఎంత పెద్దదో మీకు చెప్పక్కర్లేదు. ఒకరోజు పొద్దున సరే అనేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుని కూడా పెట్టేశా.

అల్యూమినియం ఘన సెంటీమీటరుకి 2.7 గ్రాములు, ఇత్తడి దాదాపు 8.5. అదే ఆకారం, అదే సైజు, బరువు మాత్రం మూడు రెట్లు. అప్పుడది వేరే రేజర్ అండి. వేళ్ల కీళ్లు నొప్పులున్నవాళ్లు, చెయ్యి వణికేవాళ్లు, మంచం మీదున్న నాన్నకి తామే గడ్డం గీసేవాళ్లు, తల మొత్తం గీసుకుంటూ చెయ్యి పైకెత్తి పావుగంట పట్టుకోవాల్సినవాళ్లు, వీళ్లు అడిగితేనే నేను తేలిక రేజర్ మొదలుపెట్టింది. వాళ్లకి ఇత్తడిది పంపి "ఇదీ అదే" అని చెప్పే నోరు నాకు లేదు. టైటానియం కూడా ఆలోచించాం, 4.5 గ్రాములు, గట్టిది, తుప్పు పట్టదు, కానీ కోయడం కష్టం, ఖర్చు ఎక్కడికో పోతుంది. ప్లాస్టిక్ అయితే బ్లేడు బిగించగానే తల కొంచెం వంగుతుంది, మళ్ళీ మొదటికే వస్తాం. కాబట్టి అల్యూమినియమే, ఒక్క బిగింపులోనే, లేదంటే ఈ రేజర్ ఉండదు. మొండితనం అనుకోండి, పర్లేదు. వేరే వర్క్‌షాపుతో మాట్లాడుతున్నా, ఈసారి లాట్ మొత్తం కోసే ముందు శాంపిల్ ముక్కలు నా దగ్గరికి రావాలి, నేను గీసుకుని చూశాకే మిగతాది అని కాగితం మీద రాయించుకుంటున్నా.

ఇంకో మాట కూడా పడ్డా, ఒకవైపు బ్లేడు అంటే సగం రేజర్ అట, మొన్నమొన్న వచ్చిన ఫ్యాషనట. అమెరికాలో కాంఫె సోదరులు ఒకవైపు పదునున్న సేఫ్టీ రేజర్‌కి పేటెంట్ తీసుకుంది 1880లో, జిల్లెట్ రెండువైపుల బ్లేడు రేజర్‌కి పేటెంట్ వచ్చింది 1904లో. ఏది ముందో మీరే చూడండి.

మొదటి లాట్ మీ దగ్గరున్నవాళ్లు కంగారు పడొద్దు, అవన్నీ పాత పద్ధతిలో చేసినవే. అనుమానం ఉంటే బ్లేడు పెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, పదును గార్డ్ కడ్డీకి రెండు చివర్లా సమానంగా కనపడాలి. తేడా ఉంటే పంపించెయ్యండి, పోస్టేజీ మాది.

ఈ మధ్య మంట అని రాసినవాళ్లకి ఒకటి. బరువు రేజర్ నుంచి దీనికి మారితే చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది, బరువు తగలట్లేదు కదా అని. నొక్కొద్దు. పై మూతని చెంపకి దాదాపు పూర్తిగా ఆనించి, పదును తగిలి వెంట్రుక తెగుతున్న చప్పుడు వినపడేదాకా పిడిని మెల్లగా దించండి, అక్కడ ఆపి చిన్న చిన్న గీతలుగా లాగండి. మొదటిసారి వెంట్రుకల వాలుకే, ఎదురు తర్వాత చూసుకోవచ్చు.

వాడాక నురగ పూర్తిగా కడిగి, తల విప్పి, బ్లేడు తీసి ఆరబెట్టండి. షేవింగ్ సబ్బులో క్షారం ఉంటుంది, అల్యూమినియానికి క్షారం పడదు, పైన అనోడైజింగ్ పూత (కరెంటుతో లోహం మీద తెప్పించే గట్టి పొర) ఉంది కాబట్టి రోజువారీ వాడకానికి ఇబ్బంది లేదు, కానీ నురగ ఎండిపోయి మరల్లో ఉండిపోతే, లేదా స్టీలు బ్లేడుతో తడిగా అలాగే వదిలేస్తే పూత గీసుకున్న చోట మచ్చలు పడతాయి. వాషింగ్ సోడాలోనో, బాత్‌రూమ్ క్లీనర్‌లోనో నానబెట్టొద్దు. పిడి బిగించేటప్పుడు వేళ్లతో తగిలేదాకా తిప్పి ఆపెయ్యండి, అల్యూమినియం మరలు బలం పెడితే పట్టేస్తాయి.

బ్లేడ్లు, బ్రష్‌లు, సబ్బులు మామూలుగానే దొరుకుతాయి. బరువు రేజర్ కావాలన్నవాళ్లకి స్టీలుది ఉంది, తేలికదాని అడ్వాన్స్ దానికి మార్చుకోవచ్చు, మిగిలిన తేడా మేమే లెక్కగట్టి చెప్తాం. వర్క్‌షాపు నుంచి శాంపిల్ వచ్చిన రోజు కొలతలతో సహా మీకు రాస్తా, బాగున్నా బాగోకపోయినా.