ఆలివర్ శాక్స్ గురించి, ఆదివారం గోష్ఠికి ముందు

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఆదివారం మైలాపూరులో మన కీర్తనల గోష్ఠి ముగిశాక నరాల వైద్యులు ఆలివర్ శాక్స్ గారి గురించి మాట్లాడుకోవాలనుకున్నాం కనుక, రాలేనివారి కోసం ఈ నాలుగు మాటలు.

1933లో లండన్‌లో వైద్య దంపతులకు పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1960లో అమెరికా చేరిన ఆయన, దశాబ్దాల తరబడి న్యూయార్క్‌లోనే ఉన్నా బ్రిటిష్ పౌరసత్వాన్ని వదులుకోలేదు. పియానో వాయించేవారు, జర్మన్ సంగీతకర్త బాఖ్ సంగీతమంటే ప్రాణం.

1966లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌ ప్రాంతపు బెత్ అబ్రహాం ఆసుపత్రిలో వైద్యులుగా చేరినప్పుడు, ఎన్నో ఏళ్ల కిందటి మెదడువాపు మహమ్మారి బారిన పడి కొయ్యబారిపోయిన రోగులను ఆయన చూశారు. తమంతట తాము అడుగు వేయలేనివారిలో కొందరు పాట వినబడినంతసేపూ కదిలేవారు, గొంతు కలిపేవారు. పాట ఆగగానే మళ్లీ బిగుసుకుపోయేవారు. లోపలి లయ చెడినప్పుడు బయటి లయ కాలికి ఊతమవుతుందన్న ఈ విషయం, రోజూ తాళం వేసే మనకు మరీ దగ్గరిది. 1974లో నార్వే కొండల్లో కాలికి తీవ్రంగా గాయమైన తర్వాత, జర్మన్ సంగీతకర్త మెండెల్సన్ వయొలిన్ సంగీతం మనసులో మోగుతుండగా ఆయనకే నడక తిరిగి వచ్చింది.

1995లో సంగీత చికిత్సకురాలు కన్సెట్టా టొమైనోతో కలిసి సంగీతానికీ నాడీవ్యవస్థకూ గల సంబంధంపై ఒక సంస్థను స్థాపించారు. 2015లో కన్నుమూశారు.

ఇలాగే కదలికలు బిగుసుకుపోయే నరాల జబ్బు పార్కిన్సన్స్‌తో బాధపడే పెద్దలు ఇంట్లో ఉంటే, వారి వైద్యుల అనుమతితో గోష్ఠికి తప్పక తీసుకురండి. ముందు వరుస కుర్చీలు వారికే ఉంచుతాం.