చిన్నీకి, నాలుగో మాట గురించి

బ్రాడీపేట, గుంటూరు

చిన్నీ,

దీవెనలు. జాన్ బాబాయి కొడుకు చేత పంపిన గోంగూర పచ్చడి చేరిందో లేదో చెప్పలేదు నువ్వు. ఆ జాడీ మూత వదులు. పైన నూనె తేలుతూ ఉండాలి, తడి గరిటె పెట్టకు. ఇక్కడ ఎండలు ముదిరాయి. మిర్చి యార్డుకు టిక్కీలు (బస్తాలు) ఇంకా వస్తూనే ఉన్నాయి. అటు వెళ్ళివచ్చిన రోజు మీ నాన్నగారికి రాత్రంతా దగ్గే. గుడ్ ఫ్రైడే నుంచి నీ ఫోను లేదు. పనిలో ఉన్నావనుకున్నాను.

మొన్న సుగుణ అత్త వచ్చింది. మీ హైదరాబాదు మందిరంలో గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధనలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగో మాట మీద ప్రసంగం నీకిచ్చారట, ముందురోజు రాత్రి చెప్పలేనని తప్పుకున్నావట. దాని గురించి అడగడానికి రాయడం లేదు. నీ గది కిటికీకి దోమతెర వేయించావా? లేకపోతే నాన్నగారు వచ్చినప్పుడు వేయిస్తారు.

"తన కోపం చల్లారడానికి కన్నకొడుకును బలి తీసుకున్న తండ్రిని ప్రేమించమని నలుగురికీ ఎలా చెప్పను" అన్నావట. అత్త ఆ మాట చెబుతూ కళ్ళు ఒత్తుకుంది. నేను కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళి అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

తాతయ్య సంగతి నీకు సగమే తెలుసు. నేను ఏడో తరగతి చదివేటప్పుడు ఆయన యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. కాటా దగ్గర పనిచేసే కుర్రవాడు పెట్టెలోంచి ఎనిమిది వందలు తీశాడు. వాడి చెల్లెలికి జబ్బు. షావుకారు పోలీసులను పిలవబోతే తాతయ్య అడ్డుపడి, ఆ డబ్బు తన జీతంలో కోసుకోమన్నారు. పదకొండు నెలలు కోశారు. రాత్రిళ్ళు గంజి, పచ్చిమిరపకాయ. నా స్కూలు ఫీజుకు అమ్మమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ కుర్రవాడు నిలబడ్డాడు, పెళ్ళి చేసుకున్నాడు, తాతయ్య పోయినప్పుడు శవపెట్టె మోసిన నలుగురిలో ఒకడయ్యాడు. షావుకారు ఊరికే క్షమించవచ్చు కదా అని అప్పట్లో అడిగాను. "ఊరుకున్నా ఆ ఎనిమిది వందలు ఎవరి జేబులోంచో పోవలసిందేనమ్మా" అన్నారు తాతయ్య. సండే స్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఈ కథే చెప్పాను. సిలువను ఇంతకంటే బాగా చెప్పలేమనుకున్నాను.

గాజుల మాట మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అవి ఇచ్చేటప్పుడు అమ్మమ్మను ఎవరూ అడగలేదు. చివరి రోజుల్లో మంచం దగ్గర కూర్చుని అడిగితే, "అడిగితే ఇచ్చేదాన్నే" అంది. అంతే అంది. తరువాత అబ్రాహాము కొడుకు ఇస్సాకును బలి ఇవ్వడానికి తీసుకెళ్ళిన పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నా గొంతు పట్టుకునేది. ఆదికాండం 22వ అధ్యాయం మొత్తం వెతుకు, తల్లి శారా పేరే లేదు. 23 తెరిస్తే ఆమె చనిపోయిన వార్త. కాబట్టి నీ ప్రశ్న నాకు కొత్త కాదు, చిన్నీ.

తండ్రి కోపానికి కొడుకు బలి అన్న, నువ్వు కాదన్న ఆ లెక్క మొదటి నుంచీ ఈ రూపంలో ఉన్నది కూడా కాదు. 1098 ప్రాంతంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అన్సెల్మ్ చెప్పినది, దొరకు జరిగినట్టు దేవునికి జరిగిన అవమానానికి పరిహారం కట్టవలసిందేనని. దొరలూ కౌలుదార్లూ ఉన్న లోకం ఆయనది. పరిహారాన్ని శిక్షగా మార్చి గట్టిగా చెప్పింది తరువాతి వాళ్ళు. అన్సెల్మ్ తరువాతి తరంవాడైన ఫ్రాన్సు పండితుడు అబెలార్డ్, ఆ ప్రేమను చూసి మన మనసు మారడమే రక్షణ అన్నాడు. మనం చెప్పే నైసియ విశ్వాస ప్రమాణంలో "మన కొరకు" అని ఉంది, ఎలాగన్నది లేదు. లూకా 15లో తప్పిపోయిన కొడుకు తిరిగొస్తే తండ్రి పరుగెత్తుకెళ్ళి ముద్దు పెట్టుకున్నాడు. దూడను కోసింది విందుకు, పరిహారానికి కాదు.

నాకు అర్థమైనంత వరకు తండ్రినీ కొడుకునూ విడదీసి చెప్పినప్పుడే అది క్రూరమవుతుంది. దేవుడే క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని పౌలు కొరింథీయులకు రాశాడు. అంటే షావుకారే తన ఎనిమిది వందలు వదులుకున్నట్టు. యోహాను 10లో యేసు కూడా తన ప్రాణం ఎవరూ తీసుకోరనీ, తానే పెడుతున్నాననీ అన్నాడు. నేను నమ్మేది ఆ సిలువను. అడగకుండా తీసిన గాజుల్లాంటి సిలువను చెప్పమంటే నేనూ చెప్పను. అయినా సిలువకు ముందురాత్రి గెత్సేమనే తోటలో, ఈ శ్రమల గిన్నె తొలగించమన్న యేసు ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి నా లెక్క ఆగిపోతుంది. అది నీకు దాచను.

నాకు నచ్చనిది ఒకటే, ముందురోజు రాత్రి తప్పుకోవడం. ఒప్పుకున్న పని వదలాలంటే నెల ముందు చెప్పాలి. అంత రాత్రప్పుడు వాళ్ళు ఎవరిని వెతుక్కున్నారో. పైగా నాలుగో మాట! "నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావు" అన్నది ఆయనే కదా. ఆ పూట ఆ మాట మీద నిలబడి మాట్లాడడానికి నీకంటే తగినవాళ్ళు ఎవరున్నారు? నిద్ర సరిగా పోతున్నావా? నీ గొంతు వింటే నాకు తెలిసిపోతుంది, అందుకే చేయడం లేదేమో.

ఇంకో సంగతి. మన మందిరం పైకప్పు కారుతోంది, చందాలు సరిపోలేదు. నీ పెళ్ళికని లాకరులో పెట్టిన గాజుల జత ఇద్దామంటున్నారు నాన్నగారు. చిన్నీని అడగకుండా లాకరు తీయడానికి వీల్లేదన్నాను. అడుగుతున్నాను. ఇవ్వనన్నా నాకు సమ్మతమే, ఆ మాట ఆయనకు నేను చెబుతాను. ఆదివారం పన్నెండు దాటాక ఇద్దరం ఇంట్లోనే ఉంటాం, ఫోను చెయ్యి.

అమ్మ