కొత్త స్టాండప్ కళాకారులకు మన నాటక పరిషత్తులే ఆసరా కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. గత నెల ఒక శనివారం సాయంత్రం మన విశాఖ ఎంవీపీ కాలనీలో ఓ కాఫీ షాపు మేడమీద జరిగిన ఓపెన్ మైక్‌కి వెళ్లాను. స్టాండప్ అంటే ఒక్కరే మైకు ముందు నిలబడి మాటలతో నవ్వించడం, కొత్తవాళ్లు వంతులవారీగా దాన్ని ప్రయత్నించే వేదిక ఈ ఓపెన్ మైక్. నా పాత విద్యార్థి ఒకడు రమ్మని పిలిచాడు. గాజువాకలో టైల్స్ షాపులో పని చేస్తాడు. పాతిక ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వాటిలో కూర్చున్నవాళ్లలో సగం మంది తమ వంతు కోసం చూస్తున్న కుర్రాళ్లే. మనవాడు అరచేతిలో పెన్నుతో నాలుగు మాటలు రాసుకున్నాడు, వంతు వచ్చేసరికి అవి చెమటకి అలుక్కుపోయాయి. మైకు అందుకుని వాళ్లమ్మ గొంతుతో మొదలెట్టాడు. "ఏట్రా, పదిమంది ముందర నిల్చోని ఒట్టినే మాటాడితే డబ్బులిచ్చేత్తారేటి?" "లేదమ్మా, మనవే ఎదురిచ్చుకోవాల." అందరూ గొల్లుమన్నారు. రెండో జోకు దగ్గరికి వచ్చేసరికి కింద వంటింట్లో మిక్సీ తిరిగింది, పంచ్ అందులో కలిసిపోయింది. ఆ తరవాత మరి నవ్వు రాలేదు. వెనక నుంచి ఎవరో ఫోన్ లైటు ఊపారు, ఇంక ఒక్క నిమిషమే ఉందని. దండం పెట్టి దిగిపోయాడు.

వాడు చెప్పింది జోకే అయినా జరిగింది అదే. ఆ అయిదు నిమిషాల కోసం వాడు 200 రూపాయలు కట్టాడు. సగం రోజు జీతం వదులుకున్నాడు. బస్సులు అయిపోయాయని గాజువాకకి ఆటోలో పోయాడు. ఆ షాపు వాళ్లని నేను తప్పు పట్టను, శనివారం సాయంత్రం వాళ్ల కుర్చీలకీ ఖరీదు ఉంటుంది. నా బాధ వేరే. ఈ విద్య నేర్చుకోవాలంటే ముందు జీతమో, నాన్నగారి డబ్బో ఉండాలన్న పరిస్థితి వచ్చేసింది.

పాట నేర్చుకునే పిల్ల శ్రుతిపెట్టె పెట్టుకుని ఇంట్లో సాధన చేసుకుంటుంది. నాట్యం చేసే పిల్లకి అద్దం ఉంది. నవ్వించడం నేర్చుకునేవాడికి ఎదురుగా మనుషులు లేకపోతే సాధనే లేదు. ఒక మాట ఎక్కడ ఆపాలో, ఏ పదం ముందుకి జరపాలో జనం మధ్య పదిసార్లు, ఇరవైసార్లు ఓడిపోతే గానీ తెలీదు. ఓడిపోయిన ప్రతిసారీ గది అద్దె, దారి ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. ఇక్కడ వేదికలు చాలక మన పిల్లలు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణం చేసి హైదరాబాదులో దిగుతున్నారు, అయిదు నిమిషాల స్పాట్ కోసం. అక్కడికెళ్తే చాలాచోట్ల హిందీ, ఇంగ్లీషు షోలే.

మన ప్రాంతానికి ఇదేమీ కొత్త విద్య కాదు. ఒక్కడే నిలబడి, పిట్టకథలతో నవ్విస్తూ గంటల తరబడి ఊరిని కూర్చోబెట్టే హరికథకి పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు గారు మన అజ్జాడలో పుట్టారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి రాజావారు ఆయన్నే తొలి ప్రిన్సిపాల్‌ని చేశారు. 'కన్యాశుల్కం' 1892లో అదే ఊళ్లో తొలిసారి ఆడినప్పుడు గురజాడ వారు సంస్థానం కొలువులో ఉన్నారు. పుస్తకాన్ని అప్పటి మహారాజు ఆనంద గజపతికే అంకితమిచ్చారు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటే, ఒకరి పనే హాస్యం. ఈ నేల మీద నవ్వుకి ఎప్పుడూ ఒక పోషకుడు ఉంటూనే వచ్చాడు.

నాకు అనుభవంలో ఉన్న సంగతి చెబుతాను. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెబుతూ సెలవుల్లో పరిషత్తు నాటకాలు ఆడాను. మా నాటక సమాజం ఏ ఊరు వెళ్లినా కల్యాణ మండపంలో బస, పూటకి భోజనం, ప్రదర్శనకి పారితోషికం ఉండేవి. ఆ డబ్బు ఒక రైసుమిల్లు యజమాని వాళ్ల నాన్నగారి పేరిట ఇచ్చింది, ఒక బట్టల కొట్టాయన భార్య జ్ఞాపకంగా ఇచ్చింది. ఉత్తమ హాస్యనటుడికి స్మారక బహుమతి ప్రత్యేకంగా ఉండేది. ఆ ఏర్పాటే లేకపోతే నాలాంటి బడిపంతులు వేదికే ఎక్కేవాడు కాదు. ఈ అలవాటు మన పెద్దలకి ఇప్పటికీ ఉంది. స్టాండప్ పిల్లల దాకా రాలేదంతే.

బయట దేశాల్లో వచ్చింది. మెల్‌బోర్న్‌లో 1987 నుంచి నడుస్తున్న కామెడీ ఉత్సవం లాభాపేక్ష లేని సంస్థ. కొత్తవాళ్లకి ఒక పోటీ, హైస్కూలు పిల్లలకి ఒకటి, అక్కడి ఆదివాసులకి విడిగా ఒకటి పెట్టి వెతికి మరీ తయారు చేసుకుంటారు. ఎడిన్‌బరా ఫ్రింజ్ ఉత్సవం నడిపే ధార్మిక సంస్థ 2023లో హాస్యకారులతో సహా 50 మంది కళాకారులకి తలా 2,000 పౌండ్లు ఇచ్చింది. మన కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకి నెలకి 5,000 చొప్పున రెండేళ్లు ఉపకారవేతనం ఇస్తుంది. సంగీతం, నృత్యం, నాటకం, చిత్రలేఖనం, జానపదం అన్నీ ఉన్న ఆ జాబితాలో స్టాండప్ పేరు లేదు.

ఇక డబ్బు మాట. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. ఆ పనుల జాబితాలో కళలు, సంస్కృతి కూడా ఉన్నాయి. రిఫైనరీ, పోర్టు, ఫార్మా పరిశ్రమలు ఉన్న ఊరు మనది. అయితే ఒక చిక్కుంది. ఆ నిధి అందుకునే సొసైటీకి మూడేళ్ల అనుభవం, రిజిస్ట్రేషన్లు ఉండాలి. నిన్న మొన్న వాట్సాప్ గ్రూపుగా మొదలైన కుర్రాళ్లకి అవెక్కడివి? మన పాత నాటక సంస్థలకీ, సభలకీ ఉన్నాయి. అందుకే మొదటి అడుగు వాళ్లే వేయాలంటున్నాను. తమ గొడుగు కింద ఒక చిన్న నిధి తెరవాలి.

నా లెక్క ఇదీ. పదిమందిని ఎంచుకుని ఏడాదిపాటు నెలకి 4,000 ఇస్తే 4,80,000 అవుతుంది. ఒక పెద్ద నాటకోత్సవం పందిరి ఖర్చుని మించదనుకుంటాను. నెలకి రెండు సాయంత్రాలు పౌర గ్రంథాలయం లాంటి చోట హాలు ఇప్పించాలి. టికెట్ డబ్బు ఆడినవాళ్లకే చెందాలి. ఆడపిల్లలకి తిరుగు ప్రయాణం నిధే చూసుకోవాలి. తొమ్మిదిన్నరకి షో అయ్యాక పెందుర్తి దాకా ఒంటరిగా ఎలా వెళ్తుందని ఇంట్లో అడిగితే, ఆ పిల్ల దగ్గర జవాబు ఉండదు. ఎంత ప్రతిభ ఉన్నా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నవాళ్లు నాకు తెలుసు. ఇంకొక షరతు, దాతలు ముందుగా స్క్రిప్టు అడగకూడదు.

ఆస్పత్రులకీ అన్నదానాలకీ ఇవ్వాల్సిన డబ్బు నవ్వులకా అని కొందరు అడుగుతారు. వాటికి ఇచ్చేది తగ్గించమని నేననడం లేదు. కానీ ఆ రాత్రి నేను విన్నది ఊరికే నవ్వు కాదండీ. ఎన్నో ఏళ్లుగా మన యాసని సినిమాల్లో పనివాళ్ల నోట, అమాయకుల నోట పెట్టి నవ్వుతున్నారు. ఆ కుర్రాడు అదే యాసలో, తన అమ్మ మాటలో, తను ఎంచుకున్న చోట మమ్మల్ని నవ్వించాడు. ఆ మాట మీద పెత్తనం మొదటిసారి వాడి చేతిలో ఉంది. దాన్ని నిలబెట్టుకోవడానికి వాడికి మరో రెండేళ్ల శనివారాలు కావాలి.

నా వంతుగా మా అమ్మగారి పేరిట ఒకరికి ఆరు నెలల ఖర్చు, 24,000 రూపాయలు, నా పింఛనులోంచి ఇస్తాను. నగరంలోని ఏ నాటక సంస్థ ముందుకొచ్చి ఖాతా తెరిచినా, ఆ రోజే చెక్కు రాసిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
మద్దిలపాలెం, విశాఖపట్నం.