ఆదివారం బొమ్మల సెషన్

అందరికీ నమస్కారం. జైలు నుంచి బయటికొచ్చిన వాళ్లతో మన సెషన్ ఈ ఆదివారం పొద్దున పదింటికి, గాంధీనగర్‌లో ఎప్పటి చోటే. ఈసారి కొండపల్లి బొమ్మల వాళ్లు వాడే మక్కు అనే ముద్దతో బొమ్మలు చేయిద్దాం. చింతగింజల పిండి నేను ఉడికించి తెస్తాను, రంపపు పొట్టు అక్కడ కలుపుదాం. వాళ్లు బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెక్క, ఉలి అప్పుడే వద్దు.

కిందటి వారం ఒకాయన గంటసేపు ఒక్క తలుపే గీశారు. గడియ మాత్రం లోపలివైపు పెట్టారు. "ఇప్పుడు నేనే వేసుకుంటానమ్మా" అన్నారు. నాకు మాట రాలేదు. బొమ్మకి అర్థం మనం చెప్పొద్దు, వాళ్లు చెబితే విందాం. ఏ కేసు, ఎన్నేళ్లు అని దయచేసి ఎవరూ అడగొద్దు. ఫోటోలు అసలే వద్దు.

పాత చొక్కాలు, టీకి పాలు ఎవరు తెస్తారో శుక్రవారంలోగా చెప్పండి.