తల్లిదండ్రులకు లేఖ: గేటు దగ్గర క్యారేజీలు ఎందుకు ఆపేశామంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత సోమవారం నుంచి ఉదయం 9 గంటల తర్వాత గేటు దగ్గర క్యారేజీలు తీసుకోవడం లేదు. ఆ సాయంత్రం నుంచే మీ వాట్సాప్ గ్రూపుల్లో ఇదే మాట నడుస్తోందని తెలుసు. ఆఫీసుకి వచ్చి నేరుగా అడిగినవారికి కృతజ్ఞతలు. పిల్లల్ని పస్తు పెడుతున్నామని రాసినవారికి ఒక్క మాట: ఎవరూ పస్తు లేరు. బాక్సు రాని ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఈ వారమంతా స్టాఫ్ రూములో పెరుగన్నం, అరటిపండు పెట్టాం. ఇకపైనా పెడతాం.

అసలు జరిగింది ఇది. మధ్యాహ్నం పన్నెండుంబావుకి వాచ్‌మన్ బల్ల మీద సంచుల మీద సంచులు పడతాయి. వానకి తడిసి పేరు రాసిన చీటీలు ఊడిపోతాయి. ఒకే రంగు సంచులు, ఒకే కంపెనీ డబ్బాలు. అలా మారిపోయిన ఒక క్యారేజీ, పల్లీలు పడని మూడో తరగతి పాప చేతికి వెళ్లింది. అందులో ఉన్నది పల్లీలు వేసిన పులిహోర. క్లాస్ టీచర్ మూత తీసి చూశారు కాబట్టి సరిపోయింది. చూడకపోయి ఉంటే ఏమయ్యేదో ఆ పాప అమ్మానాన్నలకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఆపేశాం. ఈ నిర్ణయం మారదు.

యాప్‌లో ఆర్డరిచ్చి పిల్లల పేరున పంపే పార్సిళ్లనూ వెనక్కి పంపేస్తాం. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు బడిలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని 2020లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన తెచ్చింది. బజ్జీల బండిని అక్కడ ఆగనివ్వకుండా, పిజ్జా డబ్బాని మాత్రం మేమే చేత్తో తరగతికి మోసుకెళ్లడం ఎలా కుదురుతుంది?

మిగతా విషయాలు క్లుప్తంగా. మొదటి టర్మ్ ఫీజుకి ఈ నెల 25 ఆఖరు, యూనిట్ టెస్టులు 28 నుంచి, మూడో నంబరు బస్సు పది నిమిషాలు ముందు బయల్దేరుతుంది, ఆగస్టు 15 డ్రిల్లు ప్రాక్టీసు చివరి పీరియడ్‌లో.

ఇక అసలు విషయం. వచ్చినవారిలో చాలామంది చెప్పిన కారణం ఒకటే: "పొద్దున టైము చాలట్లేదు మేడమ్." ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇళ్లలో పొద్దున్న ఎలా ఉంటుందో నాకు తెలియక కాదు. కానీ టైము తినేస్తున్నది వంట కాదండీ, ఏం వండాలో తేలకపోవడం. ఆరున్నరకి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడితే అందులో సగం వాడిపోయిన తోటకూర ఉంటుంది, పెరుగుండదు. వెంటనే "ఏం కావాలి కన్నా?" అని పిల్లల్ని అడుగుతారు. ఆ వేళప్పుడు ఏ పిల్లాడైనా నూడుల్స్ అనే అంటాడు. మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనానికి ఏ రోజు ఏం వండాలో, ఏ రోజు గుడ్డో, ఏ రోజు చిక్కీయో ముందే రాసి ఉంటుంది. వందల మందికి వండే అక్కడే అది సాగుతున్నప్పుడు, నలుగురున్న ఇంట్లో ఆదివారం సాయంత్రం ఒక పట్టిక రాసుకుంటే సాగదా? దయచేసి రాసుకోండి. ఇది నేను చాలా ఏళ్లుగా అడుగుతున్న మాట, మళ్లీ అడుగుతున్నాను. తన ఇంట్లో గురువారం ఏం వండుతారో ముందే తెలిసిన పిల్లలు బాక్సు తిప్పి పంపరు. అందులో ఏముందో చూసి అలగడానికి వాళ్లకి కొత్తగా ఏమీ ఉండదు కదా.

రైతుబజారుకి వెళ్లేముందే పట్టిక రాయండి, వచ్చాక కాదు. కూరల్ని పాడయ్యే వరసలో పెట్టుకోండి. తోటకూర, పాలకూర, గోంగూర సోమ, మంగళవారాలకి. బెండకాయ, వంకాయ, బీరకాయ బుధవారంలోపు. దొండకాయ, బీన్స్ గురువారం. క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప, కంద చాలా రోజులు ఆగుతాయి కాబట్టి చివరికి. టమాటాలు సగం పండినవి, సగం దోరవి తీసుకుంటే వారం పొడుగునా వస్తాయి. ఒక్క రోజు మాత్రం ఏమీ రాయకుండా ఖాళీగా ఉంచండి. చుట్టాలు వస్తారు, పెళ్లి భోజనం తగులుతుంది. ఆరు రోజులకీ కొనేస్తే ఆ ఒక్క రోజు కూర కుళ్లి చెత్తబుట్టలో పడుతుంది.

ఆదివారం సాయంత్రం చేయాల్సినవి మూడే. మొదటిది పప్పు. నలుగురికి ఒక పూటకి ముప్పావు గ్లాసు కందిపప్పు చాలు. ఒకేసారి గ్లాసున్నర తీసుకుని, నాలుగున్నర గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, రెండు చుక్కల నూనె వేసి కుక్కర్‌లో నాలుగైదు కూతలు రానివ్వండి. ఉప్పు, చింతపండు అప్పుడే వేయొద్దు. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. వెడల్పాటి గిన్నెలోకి తీసి ఆరనిచ్చి, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. సోమవారం సగం తీసి తోటకూర పప్పు, మంగళవారం మిగతాది సాంబారు. రెండుసార్లూ తెర్లేదాకా మరిగించాలి. బుధవారానికి మాత్రం దాచకండి.

రెండోది ఇడ్లీ పిండి. గ్లాసు మినపగుళ్లకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, రెండు పూటలకి సరిపోతుంది. గిన్నె సగానికి మించి నింపితే రాత్రికి పొంగి గట్టు మీదికి పారుతుంది. పొంగాక ఫ్రిజ్‌లో పెట్టేసి, ఏ పూటకి కావాల్సినంత ఆ పూటే విడిగా తీసుకుని దాంట్లోనే ఉప్పు కలపండి. మూడు నాలుగు రోజులకి పులుపెక్కితే పారేయక్కర్లేదు, ఉల్లిపాయలు చల్లి ఊతప్పం పోయండి.

మూడోది పులిహోర పులుసు. వంద గ్రాముల చింతపండు వేడినీళ్లలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీయండి. నాలుగు పెద్ద చెంచాల నూనెలో ఆవాలు, పచ్చిమిర్చి, పసుపు వేసి, గుజ్జూ ఉప్పూ కలిపి, నూనె పైకి తేలేదాకా సన్నమంట మీద ఉడికించాలి. చల్లారాక గాజు సీసాలోకి తీసి, ఎప్పుడూ పొడి చెంచాతోనే తీసుకుంటే ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. గ్లాసు బియ్యం అన్నానికి రెండు పెద్ద చెంచాలు కలిపి రుచి చూసుకోండి. పోపు మాత్రం ఆ పొద్దునే పెట్టాలి, ముందే వేస్తే పప్పులు మెత్తబడిపోతాయి. మూడో తరగతి ఎ సెక్షన్ తల్లిదండ్రులు పల్లీలు మానేసి శనగపప్పు, మినప్పప్పుతో సరిపెట్టండి. ఇది అభ్యర్థన కాదు, నియమం.

ముందే చేసి పెట్టుకోవచ్చన్నాను కదా అని అన్నీ అలా చేయకండి. వంకాయ ముందురోజు కోస్తే నల్లబడుతుంది. బెండకాయ తడి మీద కోస్తే జిగురు తేలుతుంది, కడిగి గుడ్డతో తుడిచాకే కత్తి పెట్టాలి. దొండకాయ, బీన్స్, క్యారెట్ రాత్రే తరిగి పెట్టుకోవచ్చు. ఆకుకూర కడిగి దాస్తే మర్నాటికే కుళ్లుతుంది, కడక్కుండా కాగితంలో చుట్టి పెట్టండి.

అన్నం దగ్గర మాత్రం పట్టుబడతాను. రాత్రి వండి బయట ఉంచిన అన్నాన్ని పొద్దున తాలింపు వేసి బాక్సులో పెట్టొద్దు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. రాత్రంతా బయట ఉన్న అన్నంలో పెరిగి విషం వదులుతాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మూడో పీరియడ్‌లో చిరుతిండిగా తిని, ఐదో పీరియడ్‌లో కడుపు పట్టుకుని కూర్చునే పిల్లల్ని మేం చూస్తున్నాం. పొద్దున వండిన అన్నమైనా పొగలు కక్కుతుండగా మూత బిగిస్తే చెమ్మ పట్టి మధ్యాహ్నానికి వాసనొస్తుంది. పళ్లెంలో పది నిమిషాలు ఆరబెట్టండి. పెరుగన్నానికి పాలు ఎక్కువ, పెరుగు ఒక చెంచా కలిపితే లంచ్ బెల్లు వేళకి సరిగ్గా తోడుకుంటుంది. ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి బదులు నువ్వుల పొడో, కారప్పొడో నెయ్యి కలిపి పంపండి. వేడికి నురగ కట్టిన పచ్చడి పక్కన తినలేక వదిలేసిన ఇడ్లీలు రోజూ కనబడుతున్నాయి.

చెప్పకుండా ఉండలేని సంగతి ఒకటి. ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో ఒక అమ్మాయి లెక్కల ప్రాజెక్టుగా ఇంటి వారం పట్టిక తయారుచేసింది. పొడవు నోటుబుక్కులో స్కేలుతో గీసిన మూడు గడులు: ఇంట్లో ఉన్నవి, కొనాల్సినవి, ముందు వాడేయాల్సినవి. కొత్తిమీర కింద పచ్చ స్కెచ్‌తో రెండు గీతలు గీసి "రెండు రోజులే" అని రాసుకుంది. పక్క పేజీలో తమ్ముడి చిప్స్ లెక్క: రోజుకి ఇరవై రూపాయల చొప్పున బడి ఉన్న 24 రోజులకి 480 రూపాయలు. దాని పక్కనే ఆ నెల ఇంటికి వచ్చిన కందిపప్పు బిల్లు అంటించింది. ఆ నోటుబుక్కు నా టేబుల్ మీదే ఉంది, వచ్చి చూడండి. ఏడో తరగతి అబ్బాయి ఒకడున్నాడు, వాళ్లమ్మగారిది పొద్దున డ్యూటీ. ఆదివారం రాత్రి గోంగూర వలిచేది, కుక్కర్ కూతలు లెక్కపెట్టేది వాడే. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. వాడి బాక్సు మాత్రం ఏ రోజూ ఖాళీగా రాదు.

తండ్రులకి ప్రత్యేకంగా ఒక మాట. ఈ లేఖ అమ్మలకి మాత్రమే అనుకుని పక్కన పెట్టకండి. జాబితా రాయడం, పిండి రుబ్బడం, దొండకాయలు తరగడం ఎవరైనా చేయగలిగిన పనులే. అలాగే రాత్రి పదకొండు దాకా పిల్లల చేతిలో ఫోను వదిలేసి, పొద్దున ఏడున్నరకి లేపి, టిఫిన్ లేకుండా బస్సెక్కిస్తున్న ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఎవరివో మాకు తెలుసు. ప్రార్థనలో కళ్లు తిరిగి కూర్చుండిపోతున్న పిల్లలే చెప్పేస్తున్నారు. "మా వాడేం తినడండీ" అంటారు. ఆ వాడే పక్కవాడి బాక్సులోని బెండకాయ వేపుడు చెంచాతో గీకి మరీ తింటున్నాడు.

రేపు పిల్లల డైరీలో ఒక పట్టిక కాగితం అంటించి పంపుతున్నాం. ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల చేతే నింపించి, సోమవారం సంతకంతో పంపండి. పడని పదార్థాలేవైనా ఉంటే కింది గడిలో తప్పక రాయండి. క్యారేజీ మీద పేరు, తరగతి, సెక్షన్ పర్మనెంట్ మార్కర్‌తో రాయాలి, చీటీలు అంటించొద్దు.

నమస్కారాలతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు