హమ్మస్ అంటే శనగలేనట!

సంపాదకులకు నమస్కారం.

శ్రావణం రాగానే మీ పేపర్లో ప్రసాదాల పేజీ మొదలవుతుంది. పూర్ణాలు, పరవాన్నం, చలిమిడి, వడపప్పు, అన్నీ కొలతలతో సహా వేస్తారు. కిందటేడు ఆ పేజీని నేను ఏడో నెల కడుపుతో, పక్కన షుగర్ మీటరు పెట్టుకుని చదివాను. అందుకే ఈ ఉత్తరం.

నేను తెనాలిలో ఒక చీరల కొట్లో బిల్లులు కొడతాను. ఆషాఢం సేల్ ఆఖరి వారంలో, ఊపిరాడని రోజుల్లో, ఒక పూట సెలవడిగి పరీక్షకి వెళ్లాను. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. 140 లోపు ఉండాల్సింది 168 వచ్చింది. మా పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఎవరికీ షుగర్ లేదు. "స్వీట్లు బాగా లాగించావా ఏంటి?" అన్నవాళ్లే అందరూ. మాయ నుంచి వచ్చే హార్మోన్ల వల్ల ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదని, కొందరికి శరీరం దాన్ని తట్టుకోలేక షుగర్ పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. అది నేను ఎంతమందికని చెప్పను?

రెండు వారాలు తిండితో చూద్దాం, తగ్గకపోతే మందు అన్నారు. మూడు పూటలా కొంచెం కొంచెం తిని, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి తినాలట. దానికో కాగితం ఇచ్చారు, మొత్తం ఇంగ్లీషులో. ఆసుపత్రి పేరెందుకులెండి. పదకొండు గంటలకి ఓట్స్, గ్రీక్ యోగర్ట్. నాలుగింటికి క్వినోవా సలాడ్, లేకపోతే క్యారెట్ ముక్కలు, హమ్మస్. ఈ హమ్మస్ ఏమిటా అని ఫోన్లో వెతికాను. ఉడికించిన శనగల్ని నువ్వుల ముద్దతో కలిపి రుబ్బిన పచ్చడి! శనగలు! శ్రావణ మంగళవారాలకీ శుక్రవారాలకీ పేరంటానికి వెళ్లి నేను కొంగులో మూటగట్టి తెచ్చుకున్నవి అప్పటికే వంటింట్లో రెండు డబ్బాల నిండా ఉన్నాయి.

తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే లెక్కని గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. 1981లో టొరంటోలో డేవిడ్ జెన్‌కిన్స్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు తెచ్చిన పద్ధతి ఇది. గ్లూకోజుని 100 అనుకుంటే 55, అంతకన్నా తక్కువ వచ్చినవి నెమ్మదివి. 70, ఆ పైన వచ్చినవి దూకుడువి. శనగలు ముప్ఫై దరిదాపుల్లో ఉంటాయి, పల్లీలు ఇరవై కూడా దాటవు. మరమరాలు డెబ్బై దాటేస్తాయి. తేలిగ్గా ఉంటాయి కదా, ఏం చేస్తాయిలే అని నేను రోజూ సాయంత్రం పిడతకింద పప్పు పొట్లం కట్టించుకునేదాన్ని!

లెక్కలు చదివితే నమ్మకం కుదరలేదు. పాత బిల్లు పుస్తకం వెనక గీతలు కొట్టుకుని, తిన్న గంటకి వేలు గుచ్చుకుని రాయడం మొదలుపెట్టాను. గంటకి 140 దాటకూడదు. కొట్లో నాలుగింటికి అందరికీ వచ్చే చక్కెర టీ, నాలుగు మేరీ బిస్కెట్లు: 156. మర్నాడు అదే వేళకి చక్కెర లేని టీ, ఉడకబెట్టిన పల్లీలు గుప్పెడు: 108. శనగల గుగ్గిళ్లు చిన్న గిన్నెడు, ఇంగువ తాలింపుతో: 117. గుగ్గిళ్ల నాడు రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆకలి కాలేదు. బిస్కెట్ల నాడు ఆరింటికే కళ్లు తిరిగినంత పనైంది. మీటరు లేకపోయినా ఆ తేడా నాకు తెలిసేది.

మా అత్తయ్యతో మాత్రం పెద్ద పేచీ వచ్చింది. "అమ్మాయ్, రాగిజావ తాగితే షుగరు దగ్గరికే రాదంట" అని పెద్ద గ్లాసుతో జావ, అందులో బెల్లం వేసి ఇచ్చింది. గంటకి 161. ఆవిడ మీటరుని అనుమానించింది గానీ బెల్లాన్ని అనుమానించలేదు. నిజానికి బెల్లానికీ పంచదారకీ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా మెత్తటి పిండిని బాగా ఉడికించి పల్చగా తాగితే రాగులైనా త్వరగానే అరిగిపోతాయి. అవే రాగులు ఉల్లిపాయ, మునగాకు వేసిన రొట్టెగా చిన్నది ఒకటి తిని, పక్కన పెరుగు వేసుకుంటే 126. ఆ అంకె చూశాక ఆవిడే మునగాకు దూసుకొచ్చేది. మీ ఆరోగ్యం పేజీలో "రాగులు మంచివి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఎలా వండుకోవాలో, ఎంత తినాలో కూడా రాస్తే నాలాంటివాళ్లకి మీటరులో పెట్టే స్ట్రిప్పు ఒకటి మిగులుతుంది. అవేమీ ఊరికే రావు కదా.

ఇక శ్రీమంతం. ఏడో నెలలో పుట్టింటివాళ్లు చలిమిడి తెస్తారు, కడుపు చలవ అంటారు. మా అమ్మ రెండు కిలోల బియ్యప్పిండి పాకం పట్టి, కొబ్బరి ముక్కలు, గసగసాలు వేసి, ఇత్తడి గిన్నెలో పెట్టి తెచ్చింది. తినకపోతే ఆవిడ కళ్లలో నీళ్లు. ఉసిరికాయంత ముద్ద నోట్లో వేసుకుని, మిగతాది వచ్చినవాళ్లందరికీ పంచి, పది నిమిషాల్లో చీర మార్చుకునే నెపంతో డాబా మీదికి వెళ్లి పావుగంట నడిచాను. ఆ రోజు వేలు గుచ్చుకోలేదు. అంకె తెలుసుకోవాలనిపించలేదు.

చిరుతిండి మార్చుకుంటే అంతా సర్దుకుంటుందని చెప్పడం లేదు. పగటి అంకెలు దారికొచ్చాయి గానీ పొద్దున పరగడుపున 95 లోపు ఉండాల్సింది 99, 101 అంటూ మొండికేసింది. పడుకునేముందు గ్లాసు పాలు తాగి చూశాను, లాభం లేకపోయింది. ఎనిమిదో నెలలో రాత్రిపూట నాలుగు యూనిట్ల ఇన్సులిన్ మొదలుపెట్టారు. కార్తీకంలో పాప పుట్టింది, మూడు కిలోలు. ఆరు వారాలకి మళ్లీ గ్లూకోజు నీళ్లు తాగించి చూశారు, మామూలుగానే ఉంది. అయినా ముందుముందు షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా నాకెక్కువట, ఏటా చూపించుకోమన్నారు. ఈ ఆరు వారాల పరీక్ష సంగతి మా వీధిలో నాలాగే బాధపడ్డ మరో ఇద్దరికి తెలియదు. పురుడయ్యాక పిల్ల ధ్యాసే గానీ తల్లి షుగరు ఎవరికి గుర్తుంటుంది?

నేను అడిగేది ఒకటే. ప్రసాదాల పేజీలోనే ఒక మూల, కడుపుతో ఉండి షుగర్ వచ్చినవాళ్లకి ఏం పెట్టొచ్చో వేయండి. శనగలు, అలసందలు, పెసలు ఉడికించిన గుగ్గిళ్లు, పల్లీలు, గుడ్డు, మజ్జిగ, దోర జామకాయ. గ్రాముల్లో కాదు, గుప్పెడు, గరిటెడు, చిన్న గిన్నెడు అని రాయండి. వాయనంలో వచ్చిన శనగలు నానినవే గానీ పచ్చివి కాబట్టి ఉడికించే తినమని ఒక ముక్క చేర్చండి. ఈ మధ్య "డయాబెటిక్ బిస్కెట్లు" అని అట్టపెట్టెల్లో వస్తున్నాయి, వెనక చిన్నక్షరాల్లో మైదా అని ఉంటే ఆ సంగతీ చెప్పండి. అంకెలు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తాయి, నావి చూసి ఇంకొకరు లెక్క వేసుకోకూడదు.

నా బిల్లు పుస్తకంలోంచి మూడు పేజీలు జత చేస్తున్నాను. వాటి మీద మరకలు తాలింపు నూనెవి, ఏమీ అనుకోకండి.

– ఒక పాఠకురాలు, తెనాలి