చింటూ లేచి నీళ్లు తాగాడు. అక్కా, నీకు దండం

రాత్రంతా కన్ను మూయలేదు, రాతలో తప్పులుంటే మన్నించండి. మా కుక్క చింటూ బతికాడు.

బెంగళూరు సర్జాపుర రోడ్డులోని మా అపార్ట్‌మెంట్ లాన్‌లో చెదలకు మందు కొట్టారు. తడి ఆరకముందే వాడు అందులో పొర్లి కాళ్లు నాకాడు. ఆగని చొంగ, కళ్ల వెంట నీళ్లు, సూదిమొనంత కంటిపాపలు, తొడల్లో వణుకు. ఉప్పునీళ్లు పోసి కక్కిద్దామనుకుంటుంటే గేటు బయట వెళ్తున్న ఒకామె పరుగున వచ్చి గిన్నె లాగేసింది. "నూనె మందు కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాది, వద్దు."

పక్క కాంప్లెక్స్‌లో తోటపని చేసే అక్క. మదనపల్లె దగ్గర టమాటా తోటల్లో మందులు కొట్టిన మనిషి. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్లతో వాణ్ని రెండుసార్లు కడిగింది. వేళ్ల సందులు, తోక కింద కూడా వదల్లేదు. తోలు మందు పీల్చుకుంటుందని మెడ బెల్టు కోసి పారేసింది. తడితో వణికితే మందు వణుకేదో తెలీదని తన శాలువా తీసి చుట్టేసింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారి మొదటి ప్రశ్న, "ఏ మందు?" పురుగుమందుల్లో పైరెత్రాయిడ్ రకానికీ వణుకు వస్తుంది, ఆర్గానోఫాస్ఫేట్ రకానికీ వస్తుంది, వైద్యం మాత్రం వేరు. మేం తెల్లమొహం వేశాం. అప్పటికే అక్క మా చెత్త షెడ్డులో సెల్లు లైటుతో వెతికి, ఖాళీ డబ్బాను రెండు కవర్లలో చుట్టుకుని ఆటోలో వచ్చేసింది. "పేరు చూడకుండా సూది ఎట్లేస్తారు సామీ." క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ, అంటే ఆర్గానోఫాస్ఫేట్ రకమే, లేబుల్ మీద బాగా విషమని చెప్పే పసుపు త్రికోణం. వెంటనే దాని విరుగుడు, అట్రోపిన్ సూది మొదలుపెట్టారు. ఆటో డబ్బులు కూడా తీసుకోలేదు ఆ తల్లి.

మా తమ్ముడు, ఇంట్లోవాళ్లు తెల్లవార్లూ ఉన్నారు. వాళ్లకు వేరే చెప్పాలా.

ఒక్క మాట అడగకుండా ఉండలేను. అపార్ట్‌మెంట్ గ్రూపులో మనకొచ్చిన మెసేజ్ "రేపు పెస్ట్ కంట్రోల్" అని, అంతే. మందు పేరేది? ఎన్నింటికి, ఏ వైపు? లాన్‌లో బోర్డేది? సాయంత్రం కొట్టి, పైన తుంపర పడితే ఆ గడ్డి ఎప్పుడారుతుంది? పూర్తిగా ఆరేదాకా కుక్కల్నీ పిల్లల్నీ రానివ్వకూడదని ఎవరు చెప్పాలి? పురుగుమందు గుళికలు వేసేటప్పుడైతే ఎముకల పొడితో అసలు కలపొద్దు, ఆ వాసనకే కుక్కలు మట్టి తవ్వి తింటాయి. బయట పెట్టే నీళ్ల గిన్నెలు కూడా ముందే తీసేయాలి.

అయ్యో, మెడికల్ షాపు అబ్బాయిని మర్చిపోయాను! ఒక్కో అట్రోపిన్ ఆంపుల్‌లో (చిన్న గాజు సీసాలో) ఉండేది 0.6 మిల్లీగ్రాములే. కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున 18 కిలోల చింటూకి మొదటి డోసుకే ఆరు కావాలి. ఛాతీలో గురగుర తగ్గేదాకా డాక్టరుగారు మళ్లీ మళ్లీ వేశారు, ఆసుపత్రిలో ఉన్నవి అయిపోయాయి. ఆ అబ్బాయి మూడు షాపులు తిరిగి తెచ్చిచ్చాడు.

మా వాచ్‌మన్ తాతకు కూడా దండం. చెత్త షెడ్డు తాళం తీసింది ఆయనే.